జేబులో మిగిలిన బిరడా

నేల మీదా నీళ్ల మీదా నడిచే వరద సాయం బండికి అప్పట్లో నేను డ్రైవర్ని. రోడ్డు మీద ఉన్నప్పుడు లోపల చేరిన నీళ్లు కారిపోవడానికి నా సీటు కింద ఉన్న కన్నం బిరడా తీసి ఉంచేవాళ్లం. వరదలోకి దిగే ముందు దాన్ని మళ్లీ బిగించాలి.

చర్ల అవతల ఒక అడవిపల్లె జనాన్ని ఎక్కించుకుని గోదావరి వరదలోకి దిగాను. అప్పటికి మూడు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు. కాసేపటికి పాదాలు తడిశాయి. బిరడా నా చొక్కా జేబులోనే ఉంది. అందరి ముందూ దాన్ని బయటికి తీయడానికి సిగ్గేసింది.

"బరువెక్కువైంది, బస్తాలు పారెయ్యండి" అని అరిచాను.

వరద తీశాక మళ్లీ చల్లుకోవడానికి ఊరంతా దాచుకున్న జొన్న విత్తనాలవి.

"మా గింజలే బరువైనయా సారూ? బస్తా లెక్క నువ్వే ఉన్నవ్, నువ్వే దిగరాదు!" అంది ఒక ముసలామె. అందరూ నవ్వారు.

"పానాలు కావాల్నా, గింజలు కావాల్నా అవ్వా?" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. బస్తాలన్నీ వాళ్లే నీళ్లలోకి దొర్లించారు. వాళ్లు అటు చూస్తుండగా నేను వంగి బిరడా బిగించాను. నీళ్లు పెరగడం ఆగింది.

"సారు చెప్పింది నిజమే," అంది ఆ ముసలామె.

నిజం కాదు. ఆ బరువును బండి తేలిగ్గా మోసేది. ఆ ఏడాది వాళ్లు మళ్లీ చల్లలేకపోయారని, మణుగూరు వైపు కూలికి పోయారని తర్వాత విన్నాను. రిపోర్టులో కూడా నీళ్లు రావడానికి కారణం బరువనే రాశాను. అది చదివిన ఆఫీసర్లు ఆ తర్వాత ఏ ఊరి బస్తాలనూ బండి ఎక్కనివ్వలేదు.