లాబీ అంకుల్ నడక

మా ఆఫీసు లాబీలో సెక్యూరిటీ గార్డుగా కూర్చునే పెద్దాయన, ఆదివారం మా తెలుగు చర్చిలో ప్రభువు బల్ల రొట్టెముక్కల పళ్లెం పట్టుకుని వరస వరసకీ తిరిగే అంకుల్, ఇద్దరూ ఒకరే. ఈ సంగతి అమెరికాలో, ఇర్వింగ్‌లోని మా టీమ్‌కి తెలీదు. నేనే తెలియనివ్వలేదు. రెండేళ్ల కిందట ఆయన ఉద్యోగంలో చేరిన రోజు, బ్యాడ్జి చూపిస్తుంటే నోరారా వందనాలు తల్లీ అన్నారు. పక్కన మేనేజర్ ఉన్నాడు. సాయంత్రం వెళ్తూ ఆగి, ఆఫీసులో తెలుగు వద్దు అంకుల్ అని చెప్పేశాను. అదీ ఎవరికి? అంతకుముందే నా వీసా ఎక్స్‌టెన్షన్ ఆగిపోతే మూడు రోజులు ఉపవాసముండి ప్రార్థన చేసిన మనిషికి. ఆయన సరేనమ్మా అన్నారు. మర్నాటి నుంచి నేనూ అందరిలాగే మేడమ్‌నయ్యాను.

మొన్న ఒక శుక్రవారం టీమ్ లంచ్‌కి, హాంకాంగ్ నుంచి వచ్చిన కొలీగ్ కాన్ఫరెన్స్ రూమ్‌లో ఓ కాంటనీస్ కామెడీ సినిమా పెట్టాడు. షాపింగ్ మాల్లో ఇద్దరు చేతగాని సెక్యూరిటీ గార్డులు. దొంగని వదిలేసి ఒకరికొకరు బేడీలేసుకుంటారు, తాళంచెవి మింగేస్తారు, ఎస్కలేటర్ మీద ఎదురు పరిగెత్తి బొక్కబోర్లా పడతారు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. అయ్యాక ఎవరో, మన లాబీ ఆయన్ని కూడా వీళ్లలో కలిపేయొచ్చు అన్నారు. అంతే, నాకు పూనకం వచ్చింది. లేచి, ప్యాంటు పైకి లాక్కుంటూ, మోకాలి నొప్పితో ఆయన నడిచినట్టే కాలు ఈడ్చుకుంటూ, ఆయన యాసలో హ్యావ్ ఎ బ్లెస్డ్ డే అంటూ టేబుల్ చుట్టూ నడిచాను. వాళ్లు నవ్వేకొద్దీ ఇంకా ఈడ్చాను. నా బుద్ధి గడ్డి తింది, ఇంకేం చెప్పను.

నవ్వులు టక్కున ఆగాయి. తిరిగి చూస్తే గుమ్మంలో ఆయన. డెలివరీ వాడు కిందే వదిలేసిన కేకు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు. టేబుల్ మీద పెట్టి, ఎంజాయ్ మేడమ్ అని వెళ్లిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ ఆదివారం ప్రభువు బల్ల ఉంది. ఎవరినైనా నొప్పిస్తే ముందు వాళ్లతో సమాధానపడాలి, ఆ తర్వాతే బల్లలో చెయ్యి వేయాలి, అంటే రొట్టె తీసుకోవాలి. అది మా పద్ధతి. వేయకుండా కూర్చుంటే చుట్టూ ఉన్న ఆంటీలు ఏమైందని ఆరా తీస్తారు. పళ్లెం నా ముందుకొచ్చింది. ఆయన మొహం చూడకుండా రొట్టెముక్క తీసుకున్నాను. ఛీ, దేవుడికన్నా ఆంటీలకే ఎక్కువ భయపడ్డాను.

ఆరాధన అయ్యాక ఆయన ఒక్కరే కుర్చీలు మడుస్తున్నారు. సారీ చెబుదామనే వెళ్లాను. తీరా దగ్గరికెళ్లాక నేనూ ఓ కుర్చీ అందుకుని మడిచాను.

"మోకాలి నొప్పి ఎలా ఉందంకుల్?" అన్నాను.

ఆయన చేతిలో కుర్చీ గోడకి ఆనించి, నాకేసి చూశారు.

"నువ్వు ఈడ్చింది కుడికాలు తల్లీ," అన్నారు మెల్లగా. "నాకు నొప్పి ఎడమకాలు."