పరుపులో దాచిన గిటారు

మా ఎదురు ఫ్లాటువాళ్లు తమ పాత టేకు తలుపులకు పాలిష్ పెట్టిస్తున్నారు. నేరేడ్‌మెట్‌లో ఇప్పుడు ఎక్కడ చూసినా మిషనుతో చల్లే రంగులే గాని, లక్కను స్పిరిటులో కరిగించి, దూది ఉండను పాతగుడ్డలో చుట్టి చేత్తో రుద్దే పనివాళ్లు కనిపించడం మానేసి చాలా కాలమైంది. అందుకే మొన్న పొద్దున ఆ పనివాడు సీసా మూత తీయగానే, ముక్కుకు ఘాటుగానూ గొంతులో తియ్యగానూ తగిలే ఆ వాసన వరండా దాటి మా ఇంట్లోకి వచ్చేసరికి, పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మరిచిపోయి గుమ్మంలో నిలబడిపోయాను. పాలన్నీ పొంగి పొర్లాయి. మనవరాలు పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పి "ఏమైంది నానమ్మా?" అంటే ఏం చెప్పను? రెజిమెంటల్ బజారు వెనక సందులో మా తాత ఇంకా దూది ఏకుతున్నాడని చెబితే, ముసలిదానికి మతి పోయిందనుకుంటుంది.

మేము దూదేకులవాళ్లం. నమాజు చదివేవాళ్లం, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం. ఉర్దూ సరిగా రాదని ముసల్మానులు కొందరు, పేర్లు విని హిందువులు కొందరు మమ్మల్ని వేళాకోళం చేస్తుండేవారు. మా తాత మాత్రం రెండువైపులవాళ్లకీ పరుపులు కుట్టేవాడు. మనిషికన్నా పొడుగైన విల్లును దూలానికి వేలాడదీసి, దాని నరపు తాడును చెక్క గూటంతో కొడుతూ ఉంటే, టంయ్ టంయ్‌మనే ఆ మోతకు అట్టకట్టిన పాత దూది కాస్తా పొగలా లేచి, చూరుకీ తాత గడ్డానికీ నా జడకూ పట్టుకునేది. తెల్లవారితే ఆ చప్పుడు, చీకటి పడితే ఆ చప్పుడు. అది ఆగిపోయిందంటే తాత అన్నానికి లేచాడనో, ఎవరో బేరానికి వచ్చారనో మాకు లెక్క.

దసరా పోయి చలి మొదలవుతుండగా సందు సందంతా బొంతలు మోసుకొచ్చేవాళ్లతో నిండిపోయేది. అప్పుడు ఏకిన దూది గుట్ట మీదికి దూకడం మా పిల్లలకు నిషిద్ధం కాబట్టి అదే మాకు ఆట. గచ్చకాయలు ఆడుతూ ఆడుతూ, తాత బీడీ ముట్టించుకోవడానికి బయటికి వెళ్లిన అదను చూసి ఒక్క దూకు దూకేవాళ్లం. రంజానుకు అమ్మ సేమ్యా నేతిలో వేయించి పాలలో ఉడికిస్తే అందులోనూ ఎక్కడో ఒక దూదిపోగు తగిలేది, పీర్ల పండక్కి రొట్టెను నలిపి బెల్లంతో చేసే మలీదలోనూ తగిలేది. "దూది తిననోడు మన ఇంట్ల పుట్టనే లే" అనేవాడు తాత. నాకు ఊహ తెలియకముందే నాయిన పోయాడు. ఇంట్లో తాత, పరుపులు కుట్టే అమ్మ, నేను, మా చిన్నాయన ఇమాం, అంతే.

చిన్నాయన అందగాడు, కోపిష్ఠి, పాటంటే పడిచచ్చేవాడు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో ఎవరో పారేయబోయిన మాండొలిన్ తెచ్చుకుని, నేర్పేవాళ్లు లేకుండానే వాయించడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత పత్తి మిల్లులో పనికి కుదిరితే యంత్రంలో ఎడమచెయ్యి పడింది. చెయ్యి దక్కింది గాని వేళ్లు నాలుగూ ముడుచుకుపోయి, మళ్లీ చాచుకోలేదు. తీగలు నొక్కడానికి ఆ వేళ్లు ఇంక పనికిరావని తెలిసిన రోజు మాండొలిన్‌ను గోడకు తగిలించి, దానివైపు వీపు పెట్టి పడుకోవడం అలవాటు చేసుకున్నాడు. రెజిమెంటల్ బజారులో ఒక రేడియో రిపేరు షాపులో పని దొరికింది. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఆయన నవ్వు ఎలా ఉంటుందో మరిచిపోతానేమోనని నాకు భయంగా ఉండేది.

ఒకనాడు పరుపు అప్పజెప్పడానికి తాతతో కలిసి మెట్టుగూడ వెళ్లినప్పుడు, ఒక రైల్వే గార్డు దొర ఇంట్లో చిన్నాయన ఒక వింత చూశాడు. ఆ దొర గిటారును ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని, ఎడమచేత్తో తీగలు నొక్కకుండా, ఒక నున్నటి ఇనుపముక్కను వాటిమీద జారుస్తూ వాయిస్తున్నాడు. ఇనుపముక్కను పట్టుకోవడానికి ముడుచుకున్న వేళ్లు చాలు! ఆ సాయంత్రం చిన్నాయన ఇంటికి నడుచుకుంటూ రాలేదు, పరుగెత్తుకుంటూ వచ్చాడు. గిటారు కొనే తాహతు మాకెక్కడిది? తానే చేసుకుంటానన్నాడు. అదీ మామూలుది కాదు, రేడియోలో పలికే కరెంటు గిటారు. మామూలు గిటారుకుండే బోలు పెట్టె చేయడం తనకు రాదు గాని, చెక్కముక్కకు అయస్కాంతం పెడితే మిగతాది రేడియో చూసుకుంటుందన్నాడు. తాత ఏమీ అర్థంకాక నా మొహం చూశాడు.

విరిగిన మంచం పట్టె ఒకటి, మందపాటి ముదురు టేకు, మూలన పడి ఉండేది. దాన్ని కుడిచేత్తో చిత్రిక పడుతూ, ఎడమ మోచేత్తో అదిమిపట్టి, వానాకాలం మొదలయ్యేసరికి గిటారు ఆకారానికి తెచ్చాడు. గోడమీది మాండొలిన్ దింపి దాని మరలు, తీగలు ఊడదీశాడు. ఒళ్లో పెట్టుకున్నప్పుడు తన వంకర చెయ్యి ఎక్కడ ఆనుతుందో అక్కడ చెక్కను కొంచెం పల్లంగా తీశాడు. అయస్కాంతం పాత మోటారు ఇంజనులోది. దానికింద పెట్టే కాయిల్‌కు వెంట్రుకకన్నా సన్నని రాగితీగ చుట్టాలి. ఆయన చుట్టబోతే తెగిపోయేది, తిట్టుకునేవాడు, మళ్లీ తెగేది. చివరికి అమ్మ వచ్చి, "జరుగు ఇమాం" అని తన రాట్నానికి ఆ కాయిల్‌ను బిగించి, నూలు చుట్టినట్టే ఊపిరి బిగబట్టి చుట్టింది. నేను దీపం పట్టుకున్నాను. తుమ్మితే చంపేస్తానంది.

ఒక సాయంత్రం షాపులోంచి బ్యాటరీ రేడియో తెచ్చి, దాని వెనక గ్రామఫోను తగిలించే బెజ్జాల్లో గిటారు వైరు గుచ్చాడు. రేడియో కాసేపు బుసబుసమంది. ఆయన ముడుచుకున్న వేళ్లలో ఇనుపముక్క ఇరికించుకుని ఒక్క తీగ మీటి, మెల్లగా పైకి జార్చాడు. ఏడుపుకూ పాటకూ మధ్య ఉన్నట్టుండే ఆ ధ్వని ఇల్లంతా నిండి, గోడలోంచి తిరిగొచ్చింది. గూటం పట్టుకున్న తాత చెయ్యి ఆగిపోయింది.

"ఏందిరా ఇది, మన విల్లు లెక్కనే మోగుతున్నది!"

"విల్లే నాయినా. జెర కరెంటు తాగింది" అని చిన్నాయన నవ్వాడు. ఆ నవ్వు చూసి అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేనైతే ఎందుకో బిగ్గరగా ఏడ్చేశాను.

రేడియో షాపుకు తిరిగి వెళ్లిపోయింది. ఇక మిగిలింది పాలిష్. దానికోసం తాత తన దగ్గరున్న పత్తిలో మేలైనది ఏరి, నలుసు లేకుండా ఏకి, ఉండలు చేసి ఇచ్చాడు. కాని వానలు వదల్లేదు. తడిగాలికి లక్క తెల్లగా పాలిపోయేది. రుద్దినదంతా తుడిచి మళ్లీ రుద్దాలి. ఇంతలో బజారులో మాటలు మారాయి. ఇండియా సైన్యం హైదరాబాదు మీదికి బయలుదేరిందన్నారు. ఆకాశంలో విమానాలు కనిపించాయి. దుకాణాలు మూసేశారు. రేడియో ఉన్న ఇళ్ల ముందు జనం గుమిగూడి, వార్త వినగానే ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయేవారు. నాలుగైదు రోజుల్లో అంతా అయిపోయింది, నిజాం లొంగిపోయాడన్నారు. మా సందులో కొందరు సంబరపడ్డారు, కొందరు తలుపులు వేసుకున్నారు. తాత మాత్రం గూటం చేతిలో పెట్టుకుని, కొట్టకుండా కూర్చున్నాడు.

తర్వాతి రోజుల్లో ఆయుధాల కోసం ఇల్లిల్లూ సోదా చేస్తున్నారని కబురొచ్చింది. రేడియో షాపు యజమాని తాళం వేసి ఎటో వెళ్లిపోయాడు. పక్క బజారులో ఎవరింట్లోనో తీగలు, పెట్టెలు దొరికితే వైర్‌లెస్ అనుకుని మనిషిని తీసుకుపోయారట. నిజమో కాదో మాకు తెలియదు, భయానికి నిజంతో పనేముంది? ఆ మధ్యాహ్నం సందు మొదట్లో బూట్ల చప్పుడు వినిపించింది. చిన్నాయన అప్పుడే ఆఖరి పూత పూసి, గిటారును బల్లమీద బోర్లా ఆరబెట్టి ఉన్నాడు.

"ఇమామూ, దాన్ని బాయిల ఎయ్యిరా" అన్నాడు తాత. ఆయన గొంతు అంత సన్నగా పలకడం నేనెన్నడూ వినలేదు. "తీగలున్నయి, అయస్కాంతమున్నది. ఎవలకేమని చెప్తవు?"

"నా చెయ్యి ఒకపారి పోయింది నాయినా. మల్లొకపారి పోగొట్టుకొమ్మంటవా?"

అమ్మ అప్పటికే సగం నింపిన పరుపు విప్పేసింది. "బాయిల ఎందుకు మామా, పరుపుల కుడ్త."

"వదినే, పాలిష్ ఇంక పచ్చిగున్నది!"

"పాణం కంటె పాలిషా?" అంటూనే గిటారును వెల్లకిలా దూదిలో కూరి, పైన మరింత దూది కప్పి, పొడుగు సూదితో పెద్దపెద్ద కుట్లు వేసేసింది. నన్ను దానిమీద పడుకోబెట్టి దుప్పటి కప్పి, "కదిలినవంటే సూడు" అంది. నా వెన్ను కింద చెక్క గట్టిగా తగులుతోంది. ఊపిరి పీల్చినప్పుడల్లా తీగలు సన్నగా వణుకుతున్నట్టు వీపుకు తెలుస్తోంది. రేడియో లేకపోతే అది మూగదేనని తెలిసినా, ప్రపంచమంతా వింటోందేమోనన్న భయానికి దుప్పటి కింద నా ఒళ్లంతా వేడెక్కిపోయింది.

వచ్చినవాళ్లలో ఒక జవాను కోస్తావైపువాడు, మీసాలింకా సరిగా రాని కుర్రాడు. మిగతావాళ్లు అటకమీద, నీళ్ల గాబులో వెదుకుతుంటే, అతను నా నుదుటిమీద చెయ్యి వేసి, "పాపకు ఒళ్లు కాలిపోతోందండీ" అన్నాడు. అంతలో అతని చూపు కిటికీలో ఉన్న ఇనుపముక్కమీద పడింది. తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నా ప్రాణం పోయిందనే అనుకున్నాను. అతని మొహం మాత్రం విప్పారింది.

"ఇది గిటారు వాయించే ఇనుము కదండీ! మా ఊళ్లో నాటకాలవాళ్ల దగ్గర చూశాను. ఏదీ, వాయిద్యం ఎక్కడుంది?"

చిన్నాయన పెదవులు కదిలాయి. మాట మాత్రం తాత నోట్లోంచి వచ్చింది.

"వాయిద్యం గీయిద్యం ఏం లేదు బిడ్డా. దూదేకెటోళ్లం. మా ఇంట్ల పాట ఎవలకు రాదు."

"ఉంటే ఒక్క పాట వినిపించమందామనుకున్నానండీ. ఇల్లు వదిలొచ్చాక పాటనేది విననే లేదు" అన్నాడు ఆ కుర్రాడు. అతను చిన్నాయన ఎడమచేతిని ఒక్క క్షణం చూసి, ఆ ఇనుపముక్కను ముడుచుకున్న వేళ్ల మధ్య జాగ్రత్తగా పెట్టి, మిగతావాళ్ల వెనకాలే వెళ్లిపోయాడు. ముక్క సరిగ్గా ఆ వేళ్లలో ఇమిడిపోవడం అతను చూశాడనే నేనిప్పటికీ అనుకుంటాను.

కుట్లు విప్పేసరికి చెక్క వెనకవైపంతా దూది అతుక్కుపోయి ఉంది. నా బరువుకు కాయిల్ ఒరిగిపోయి, అమ్మ అంత ఓపిగ్గా చుట్టిన రాగితీగ చిక్కుజుట్టులా తెగి బయటికొచ్చింది. చిన్నాయన ఆ తీగను ఉండ చుట్టి పక్కన పెట్టాడు. నన్ను దగ్గరికి తీసుకుని, "నీకేం దెబ్బ తాకలేదు గద?" అని మాత్రం అడిగాడు. తాత ఆ రాత్రి అన్నం ముట్టలేదు. తర్వాత చాలాకాలం, ఏకుతూ ఏకుతూ గూటం ఆపేసి, "పిలగాడు పాట విందామన్నడు. నేనే ఇననియ్యలే" అంటుండేవాడు, ఎవరూ అడగకుండానే.

షాపు మళ్లీ తెరవలేదు. చిన్నాయన రైల్వే వర్క్‌షాపులో చేరాడు. కావాలంటే తర్వాత తీగ దొరికేది, రేడియో కూడా దొరికేది. కాని దాన్ని బాగుచేసి మోగిస్తే తాతను దెప్పినట్టవుతుందని ఊరుకున్నాడు. తాత పోయాక, ఇక ఆ మౌనమే అలవాటైపోయింది. సెలవురోజు గిటారును ఒళ్లో పెట్టుకుని వాయించేవాడు. నేను చెక్కకు చెవి ఆనించి కూర్చునేదాన్ని. లోపల ఎక్కడో దూరంగా, నూతిలోంచి పిలిచినట్టు పాట వినిపించేది. గదిలో ఇంకెవరికీ వినిపించేది కాదు. నా పెళ్లైనా, పిల్లలు పుట్టినా, నేను పుట్టింటికి వెళ్లినప్పుడల్లా మా ఇద్దరికీ అదే పండగ.

ఇప్పుడా సందులో విల్లు మోత లేదు. పరుపులు షాపుల్లోంచి ప్లాస్టిక్ చుట్టుకుని వస్తున్నాయి. తాత విల్లు ఏమైందో కూడా నాకు తెలియదు. చిన్నాయన పోతూ గిటారు నాకిమ్మన్నాడట. పాలు పొంగిన రోజున మనవరాలు దాన్ని అలమారలోంచి తీసి, కథంతా చెప్పించుకుని, గిటార్లు బాగుచేసే అతని దగ్గరికి తీసుకుపోయింది. అక్కడినుంచి ఫోన్ చేసి, కాయిల్ కొత్తగా చుట్టవచ్చట, వెనక అతుక్కున్న చెత్త గీకేసి కొత్త పూత వేస్తే అద్దంలా మెరుస్తుందట అని చెప్పింది.

"తీగ చుట్టమను. వెనకవైపు చెయ్యి పెట్టొద్దను" అన్నాను. "అది చెత్త కాదమ్మా, మా తాత ఏకిన దూది. ఆయన చేతిపని ఈ లోకంలో ఇంకెక్కడా లేదు."

ఇవాళ సాయంత్రం అది ఇంటికొచ్చింది. మనవరాలు చిన్న స్పీకరు పెట్టెకు వైరు తగిలించి, గిటారును ఒళ్లో పడుకోబెట్టుకుని, ఆ పాత ఇనుపముక్క చేతిలోకి తీసుకుంది. ఎదురింటి తలుపు దగ్గర పనివాడు ఇంకా పాలిష్ రుద్దుతూనే ఉన్నాడు. ఆమె తీగ మీటబోయేముందు ఒక్క నిమిషం ఆగమని చెప్పి, నేను లేచి వెళ్లి మా వీధితలుపు బార్లా తెరిచి పెట్టాను.