పక్క కుట్ల లోపలి గుడ్డ

ఆదోనిలో నా జాకెట్లు కుట్టే అక్క పక్క కుట్ల లోపల రెండు వేళ్ళంత గుడ్డ వదిలేది. నేను ఎమ్మిగనూరు బడికి బస్సులో కూర్చుని పోయి, కూర్చుని వచ్చి, ఉగ్గాని బజ్జీలు లాగించి ఏడాదికేడాది ఒళ్ళు చేస్తుంటే, ఆమె ఒక్కో వరుస విప్పి ఇచ్చేది. పిల్లలు పుట్టాక ఇది మామూలేనని ఇంట్లో అందరం అనుకున్నాం.

పోయిన వేసవిలో నాలుగు జాకెట్లు తీసుకెళ్తే, ఒకటి తిరగేసి చూపించింది. విప్పడానికి ఇక గుడ్డ లేదు.

"ముక్క జోడించు అక్కా" అన్నాను.

"జోడించను టీచరమ్మా. ముందు ఆస్పత్రికి పోయి సూపిచ్చుకోని రా."

నాకు మండిపోయింది. నా ఒంటి సంగతి నీకెందుకని జాకెట్లు లాక్కున్నాను. ఆమె కోపగించుకోలేదు. కొలతల పుస్తకం తీసింది.

"సేతుల కొలత అట్లనే ఉంది. నడుము ఒకటే పెరుగుతాంది. మా యక్కకూ ఇట్లనే ఇప్పుకుంటా వచ్చినాను. పక్షవాతం వచ్చి పడిపోయినాక తెలిసింది నాకు."

మర్నాడే వెళ్ళాను.

ఆస్పత్రిలో నర్సమ్మ నా బరువు, ఎత్తు చూసింది. కిలోల్లోని బరువును మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగించి ముప్పై ఒకటి అంది. అదే బీఎంఐ అట. మనవాళ్ళు ఇరవై మూడు దాటగానే జాగ్రత్తపడాలట. లెక్కల టీచర్ని, పిల్లలతో ఎన్ని భాగహారాలు చేయించానో, ఇదొక్కటీ చేసుకోలేదు. "ఈ అంకె ఒకటే సాలదు మేడం, కొవ్వు యాడ సేరిందో ఇది సెప్పదు" అంటూ నర్సమ్మ నడుముకు టేపు చుట్టింది. అక్క పుస్తకంలోని కొలతే వచ్చింది. బీపీ ఎక్కువ, షుగరు అంచున ఉంది. ఇంకా ఆలస్యం చేస్తే గుండెకో మెదడుకో ముప్పని డాక్టరు చెప్పాడు.

భయమేసింది. అంతకంటే ఎక్కువగా అక్క మీద గౌరవం కలిగింది. చదువుకున్న నేను చూసుకోనిది ఆమె చూసింది. నేను మళ్ళీ ఆ గడప తొక్కకపోయినా సరేననుకుని ఉన్నమాట చెప్పింది. అంత ధైర్యం నాకు లేదు.

బజ్జీలు మానేశాను. పొద్దున నడక, రాత్రికి ఒక జొన్నరొట్టె. ఏడాదికి బీఎంఐ ఇరవై ఎనిమిదికి దిగింది, బీపీ కూడా దిగింది. ఇంకా దిగాలి.

వదులైన నాలుగు జాకెట్లకూ అక్క పక్కలు పట్టి ఇచ్చింది. కొత్త గుడ్డ ఒకటి కుట్టమని ఇచ్చాను. తెచ్చుకునే రోజు తిరగేసి చూస్తే, లోపల దారం పట్టేంత గుడ్డే ఉంది.

"ఏమక్కా, వదల్లేదే?"

"ఇంక నీకు ఇప్పేది లేదు" అని ఇంకొకరి జాకెట్టు మిషన్ మీద పెట్టుకుంది.