ఆముదం రాసిన చెయ్యి

పిల్లను హాస్టల్లో దింపిన తల్లి చెప్పి వెళ్లాలా, చెప్పకుండా వెళ్లాలా? రేపల్లెలో ఆడపిల్లల హాస్టల్ మేట్రన్‌గా ఇరవై తొమ్మిదేళ్లు చేసినా దేవకుమారికి ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. జూన్ వచ్చిందంటే తల్లులు గేటు దగ్గర కళ్లు తుడుచుకుంటూ అదే అడిగేవాళ్లు. ఒక ఏడు చెప్పి వెళ్లమనేది, ఇంకో ఏడు పిల్ల అన్నం తింటుండగా జారుకోమనేది. ఎలా వెళ్లినా పిల్లలు ఏడ్చారు. ఏడ్చిన పిల్లను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వడం మాత్రం ఆమెకు బాగా తెలుసు.

రిటైరైన ఆరేళ్లకు, మొన్న ఏప్రిల్లో, బాపట్ల నుంచి కబురొచ్చింది. వైదేహి అనే లెక్కల లెక్చరర్ స్కూటర్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. ఒంటరి మనిషి. రెండు నెలలు తోడుండి, తనకంటే ముందు తన కుక్కను చూసుకునేవాళ్లు కావాలట.

గుమ్మంలోనే ఆ కుక్క ఎదురొచ్చి దేవకుమారి చేతిసంచిలో తల దూర్చింది. తెల్లగా, ఒత్తుగా, ఒళ్లంతా బొచ్చు.

"కుక్కన్నారు కదమ్మా! ఇదేంటి, దూది బస్తాకి కాళ్లొచ్చినట్టుంది?"

"పేరు బొంత, ఆంటీ," అని నవ్వింది వైదేహి. "సమోయెడ్ అంటారు, మంచు దేశాల జాతి. తెలిసినాయన బదిలీ మీద పోతూ నా దగ్గర వదిలేశాడు. మన ఎండలకి తేవాల్సింది కాదు. వచ్చాక ఏం చేస్తాం?"

"కాపలా కాస్తుందా?"

"దొంగొస్తే తోక ఊపి లోపలికి పిలుస్తుంది."

వారం తిరిగేసరికి బొంత దేవకుమారి కాళ్లకు అడ్డం పడకుండా ఆమె వంటింట్లోకి వెళ్లడం కష్టమైంది. పొద్దు పొడవక ముందే తిప్పుకురావడం, పగలంతా ఏసీ గదిలో ఉంచడం, రోజూ దువ్వడం: వైదేహి చెప్పిందల్లా ఆమె తు.చ. తప్పకుండా చేసింది. చెప్పనిది ఒక్కటి చేసింది.

మే నెల మధ్యాహ్నం కరెంటు పోయింది. వైదేహి మందుల మత్తులో నిద్రపోతోంది. బొంత జానెడు నాలుక బయటపెట్టి వగరుస్తోంది. దేవకుమారి ప్రాణం ఉసూరుమంది. "బిడ్డకి వేడి చేసింది," అనుకుంది. హాస్టల్లో ఏ పిల్లకు వేడి చేసినా ఆమెకు తెలిసిన చలవ ఒక్కటే. సంచిలోంచి ఆముదం సీసా తీసి, మాడు నుంచి తోక దాకా పట్టించింది.

సాయంత్రానికి బొచ్చంతా పేనిన తాళ్లయింది. దుమ్మంతా దానికే అంటింది. బొంత ఊరుకుంటుందా, ఒళ్లంతా నాకింది. తెల్లారేసరికి వరండా కడగడానికి ఆరు బకెట్ల నీళ్లు పట్టాయి.

వైదేహి అద్దె కారు పిలిపించి, కట్టు కట్టిన కాలితోనే ఎక్కింది. ముగ్గురూ తెనాలి వెళ్లారు. పశువుల డాక్టరు మధుసూదన్ వాసన చూసి కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఆముదం తలకి రాశారా, కడుపులోకి పట్టారా?"

"తలకేనండి. కడుపులోకి అదే పట్టుకుంది," అంది దేవకుమారి తల దించుకుని.

డాక్టరు నవ్వి మందు ఇచ్చాడు. తర్వాత నవ్వకుండా చెప్పాడు. "ఈ బొచ్చు రెండు పొరలమ్మా, తాటాకు కప్పులాంటిది. చలినే కాదు, ఎండనీ ఆపుతుంది. మీరు గాలి ఆడకుండా చేశారు. గుండు కొట్టించడం తేలికే. కానీ ఎండ నేరుగా చర్మం మీద పడుతుంది, బొచ్చు మళ్లీ ఇలాగే వస్తుందని మాటివ్వలేను. చిక్కు తీద్దామంటే, ఎవరు తీస్తారు ఇంత చిక్కు?"

"నేనండి. పూటకి నలభై తలలు దువ్విన చెయ్యి ఇది."

"వారం టైమిస్తున్నా. చర్మం ఎర్రబడితే గుండే."

తిరుగు దారంతా వైదేహి బొంత తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తిట్టినా అంత గుచ్చుకునేది కాదు దేవకుమారికి.

మర్నాటి నుంచి ఏసీ గదిలో చాప పరిచింది. కార్న్‌ఫ్లోర్ చల్లి జిడ్డు పీల్పించడం, కుక్కల షాంపూతో కడగడం, ఫ్యాను కింద ఆరబెట్టడం, మళ్లీ చల్లడం. కుదురు దగ్గర వేళ్లతో గట్టిగా పట్టుకుని, చివర్ల నుంచి పైకి దువ్వేది. అలా అయితే పిల్లలకు నొప్పి తెలియదు. బొంత మూలిగితే, "అయిపోయింది తల్లీ, ఇంకొక్క పాయ," అనేది.

"వాడు మగాడాంటీ," అనేది మంచం మీంచి వైదేహి.

"నా చేతికింద కూర్చున్నాక అందరూ ఆడపిల్లలేలే అమ్మాయ్."

మూడోరోజు మెడ కింద కాస్త ఎరుపు కనిపించింది. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. డాక్టరుకి ఫోన్ చేసి, ఆయన చెప్పిన మందు రాసి, అక్కడి చిక్కు మాత్రం దువ్వెన మానేసి వేళ్లతోనే విడదీసింది. ఐదోరోజుకి ఎరుపు తగ్గింది. ఏడోరోజు డాక్టరు బొచ్చులోకి వేళ్లు పోనిచ్చి, చర్మం దాకా చూసి, "మీ హాస్టల్ పిల్లలు అదృష్టవంతులు," అన్నాడు. దేవకుమారి కారెక్కాక ఏడ్చింది. బొంత ఆమె మొహమంతా నాకింది.

జూన్ మూడో వారానికి వైదేహి కర్ర లేకుండా నడిచింది. రేపల్లె బస్సు ఎనిమిదింటికి. దేవకుమారి బొంతను చివరిసారి దువ్వింది. దువ్వుతుండగానే వాడు తడి గోనెపట్టా మీద వెల్లకిలా పడి నిద్రపోయాడు.

"లేపనా ఆంటీ? చెప్పి వెళ్తారా?" అంది వైదేహి మెల్లగా.

దేవకుమారి దువ్వెన తీసి సంచిలో పెట్టబోయి, మళ్లీ గోనెపట్టా పక్కనే పెట్టింది. చెప్పులు చేత్తో పట్టుకుని, పెరటి తలుపు తీసుకుని, గేటు గొళ్లెం చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయింది.