పెళ్ళిచూపుల్లో మూగబోయిన స్టీరియో

ఇంజినీరింగ్ చదివినవాడికి కరెంటుతో నడిచే ప్రతి వస్తువునూ బాగుచెయ్యడం వచ్చని జనం మనస్ఫూర్తిగా నమ్మిన రోజులవి. మిక్సీ ఆగినా, టీవీలో బొమ్మ వంకర తిరిగినా చుట్టుపక్కలవాళ్ళు ముందు మా తలుపే కొట్టేవాళ్ళు. నేను ఎలక్ట్రానిక్సు చదివి, ఒక ప్రైవేటు కాలేజీలో అదే పాఠం చెప్పుకుంటూ ఉండేవాణ్ణి. సిగ్నలు ఎక్కడ పుడుతుంది, ఎటు వెళ్తుంది, ఎక్కడ తేలుతుంది అని బోర్డు మీద బాణాలు గీసి చూపించడంలో నాకు మంచి పేరుంది. ఆ బాణాలు తప్ప ఇంకేదీ చేత్తో ముట్టుకున్నవాణ్ణి కాదు. (ఇంట్లో ట్యూబులైటు మార్చబోయి ఫ్యూజు ఎగరగొట్టిన సంగతి మా అమ్మ బయటికి పొక్కనివ్వలేదు.) పెళ్ళిళ్ళ బజారులో నా సరుక్కి గిరాకీ అంతంతమాత్రం. "అబ్బాయి ఏం చేస్తుంటాడు?" అని అడిగేవాళ్ళు. "ప్రైవేటు కాలేజీలో లెక్చరరు" అనగానే "ఓహో" అనేవాళ్ళు. ఆ ఓహో తర్వాత మళ్ళీ కబురు వచ్చిన పాపాన పోలేదు.

అలాంటి సమయంలో మా మేనత్త గుంటూరు సంబంధం ఒకటి పట్టుకొచ్చింది. అమ్మాయి నాన్నగారు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి, ఇల్లు బ్రాడీపేటలో. మా అమ్మ, మేనత్త, నేను మార్టూరులో పొద్దున్నే బస్సెక్కాం. మా నాన్న రాలేదు, పత్తి తీతకు కూలీలు దొరికింది ఆ రోజే. బస్సులో మేనత్త నాకు బోధ మొదలుపెట్టింది. "ఏరా, అడిగినదానికి జవాబు చెప్పు. తెలీదు అనకు. తెలీదన్నవాడికి పిల్లనెవరిస్తారు?" అంది. నేను సరేనన్నాను. అమ్మ మాత్రం కిటికీలోంచి చూస్తూ, వర్జ్యం వచ్చేలోపు మాటలు తేలిపోవాలని గొణుక్కుంటూ కూచుంది.

ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి కొత్త సున్నం వాసన గుప్పుమంది. పెళ్ళిచూపులని ఇల్లంతా వెల్ల వేయించారు. అమ్మాయి నాన్నగారు మర్యాదగా కూచోబెట్టారు గానీ, ఆయన మనసు మా మీద లేదు. మాటిమాటికీ గది మూలకు చూసి నిట్టూరుస్తున్నారు. ఒంట్లో బాలేదేమోనని మా అమ్మ అడిగేసింది కూడా. "నాకేం కాలేదమ్మా, సెట్టుకే బాలేదు" అన్నారాయన. పెళ్ళికాకముందు మద్రాసు వెళ్ళి కొనుక్కొచ్చిన స్టీరియో సెట్టట. యాంప్లిఫయరు, రేడియో పట్టే ట్యూనరు, మనిషి నడుమెత్తున రెండు స్పీకరు పెట్టెలు. ఇంటికి ఎవరొచ్చినా ముందు అది పలకాలి, తర్వాతే మనుషులు పలకాలి, అది ఆ ఇంటి ఆనవాయితీ. "సున్నాలేసిన దగ్గర్నుంచీ మూగబోయిందండీ. ఇవాళ మీరొచ్చే టైముకి పెడదామనుకున్నా. ప్చ్" అన్నారు. చెప్పడం నింపాదిగానే చెప్పారు గానీ ఆయన మొహం చూస్తే ఇంట్లో మనిషి మంచాన పడ్డట్టుంది.

"దానికంత దిగులెందుకండీ? మావాడు అదే పాఠం చెబుతాడు" అంది మేనత్త.  ఆయన కళ్ళలో మొదటిసారి నేను కనపడ్డాను. "అవునా బాబూ? అయితే కాస్త చూడు. మన మాటలకేం తొందర, ముందు అది పలకనీ" అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు, కానీ మేనత్త నావైపు చూసిన చూపుకి అర్థం నాకు తెలిసింది. అది పలికితే సంబంధం నిలుస్తుంది, లేకపోతే ఇక్కడ కూడా ఓహోనే. చొక్కా చేతులు మడిచి లేచాను.

లేచాక తెలిసింది అసలు కథ. వెల్ల వేయించిన ఊపులోనే వాస్తు చూసే ఆయన్ని కూడా పిలిచారట. ఒకచోట పొందికగా ఉన్న సెట్టుని ఆయన గది మూడు మూలలకీ పంచేశాడు. కరెంటు తాగేది కాబట్టి యాంప్లిఫయరు ఆగ్నేయానికి పోయింది. ట్యూనరు గాల్లోంచి పాట పట్టేది కాబట్టి వాయవ్యంలో పెట్టించాడు. స్పీకరు పెట్టెలు బరువు కాబట్టి రెంటినీ నైరుతిలో పక్కపక్కనే, పోట్లాడుకుని మాటలు మానేసిన తోడికోడళ్ళలా నిలబెట్టాడు. ఈ మూలల మధ్య వైర్లు గోడవారగా, సోఫాల కింద, బీరువా వెనక పాకుతున్నాయి. నేను బోర్డు మీద గీసే బాణాలు ఎప్పుడూ ఎడమ నుంచి కుడికి తిన్నగా వెళ్ళేవి. ఇక్కడ సిగ్నలు వెళ్ళిన దారినే వెళ్దామని నేను కూడా పాకడం మొదలుపెట్టాను.

బీరువా వెనక యార్డు నుంచి మచ్చుకు తెచ్చిన మిరపకాయల సంచులున్నాయి. దుమ్ము సంగతి నేను చెప్పక్కర్లేదు. బయట పెద్దవాళ్ళు ముహూర్తాలు ఎప్పుడున్నాయో అనుకుంటుండగా నేను తుమ్మాను. మాట ఆగింది. ఒక తుమ్ము అపశకునమనీ, రెండో తుమ్ము దాన్ని కొట్టేస్తుందనీ మావైపు లెక్క. రెండోది కూడా తుమ్మాను, మా అమ్మ ఊపిరి పీల్చుకుంది. తర్వాత వరసగా తుమ్మినవాటికి ఏ శాస్త్రంలోనూ లెక్క లేదు. సరిగ్గా అప్పుడే కాఫీ పళ్ళెంలో నీళ్ళచెంబు కూడా పెట్టుకుని అమ్మాయి వచ్చింది. పెళ్ళిచూపుల్లో ఆమె నాలో మొదట చూసింది నా అరికాళ్ళు. "కళ్ళు తుడుచుకోకండి, చేతులకి కారం అంటి ఉంటుంది. ముందు ఈ నీళ్ళతో కడుక్కోండి" అని ఎవరో అంటే, నీళ్ళచెంబు కేసి చూసి, ఆ పైన మనిషిని చూశాను. గంధం రంగు చీర, జడ నిండా కనకాంబరాలు. నవ్వడంలేదు. నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడుతోంది. నా అంతటి ఘనకార్యాన్ని చూసి కూడా నవ్వని మనిషి నాకు అంతకు ముందు తారసపడలేదు. ఆ అమ్మాయి నాకు నచ్చేసింది. చెంబులో చెయ్యి పెట్టి, దేవుడా ఈ సెట్టు పలికించు అని దండం పెట్టుకున్నాను.

చేతులు కడుక్కున్నాక కొంచెం బుద్ధి పనిచేసింది. ఒక్కో మజిలీ చూసుకుంటూ పోదామనుకున్నాను. ట్యూనరు ముందు దీపం వెలుగుతోంది, స్టేషన్ తిప్పితే లోపలి ముల్లు కదులుతోంది. అంటే పుట్టాల్సినచోట పుడుతూనే ఉంది. తేలాల్సినచోట సంగతేమిటో చూడాలంటే స్పీకరు వైర్లకి ఓ పెన్సిల్ సెల్లు తాకించాలి, స్పీకరు బాగుంటే టప్పుమంటుంది. (ఇది పుస్తకంలో చదివింది. నిజంగా అంటుందా అని నాకూ ఆత్రంగానే ఉంది.) సెల్లు ఇంట్లో ఎక్కడా దొరక్క, గోడ గడియారంలోది ఊడదీశాను. రెండు పెట్టెలూ టప్పుమన్నాయి. "గడియారం ఆగిపోయిందిరా" అంది మా అమ్మ నీరసంగా. వర్జ్యం వచ్చిందో రాలేదో ఇక ఎవరికీ తెలిసే దారి లేదు.

మొదలు బాగుంది, చివర బాగుంది. గండి యాంప్లిఫయరులోనే ఉంది. దాన్ని మెల్లగా తిప్పి వెనక చూస్తే రెండు వరసల్లో ఖాళీ బెజ్జాలున్నాయి. ఒక వరస పక్కన బయటికి అని, రెండోదాని పక్కన లోపలికి అని ఇంగ్లీషులో రాసి ఉంది. చాలాసేపు చూశాను. లోపల ఒక సగం పనిచేసి శబ్దాన్ని బయటికి పంపిస్తోంది, రెండో సగం దాన్ని అందుకుని పెద్దది చెయ్యడానికి కాచుకు కూచుంది. రెంటికీ మధ్య ఉండాల్సిన వంతెనలు లేవు. "ఇక్కడ వంపు తిరిగిన చిన్న లోహపు ముక్కలు రెండు ఉండాలండీ" అన్నాను. అమ్మాయి నాన్నగారు వంగి చూసి, "ఉండేవి, ఉండేవి. ఏమైనాయి?" అన్నారు.

"వంకీల్లాగా ఉంటాయే, అవా?" అంది ఓ పక్క కుర్చీలో కూచున్న ఆయన తల్లి. "సున్నాలేసేటప్పుడు నేనే తీశాన్రా. ఎవరో కొప్పు పిన్నులు ఆ పెట్టెకి గుచ్చి మర్చిపోయారనుకున్నా. పిన్నుల డబ్బాలో వేశా."

"ఆ డబ్బా ఏదమ్మా?"

ఆవిడ చెప్పడానికి నోరు తెరిచి, మనవరాలి జడవైపు చూసి, మూసేసుకుంది. మేమంతా అటే చూశాం. కనకాంబరాల దండని జడకు పట్టి ఉంచిన పిన్నుల్లో రెండు మిగతావాటికన్నా లావుగా మెరుస్తున్నాయి.

 పిల్లని చూడ్డానికొచ్చిన ఇంట్లో, పెద్దవాళ్ళ ఎదుట, పిల్ల తల్లోంచి పువ్వులు తీయించడం ఎంత అశుభమో నాకు వేరే చెప్పాలా? అప్పటికే తుమ్ములయ్యాయి, గడియారం ఆగింది. నేను తెలివిగా, "వైరు ముక్క ఏదన్నా ఉంటే తాత్కాలికంగా కలుపుతానండీ" అన్నాను. "వద్దు బాబూ, దాంట్లో తీగముక్కలు దూర్చనివ్వను. దానివి దానికే ఉండాలి" అన్నారు ఆయన. మళ్ళీ ఆయనే కూతురివైపు చూడకుండా, "పోనీలే, రేపు తీసి పెడతాంలే. విషయం ఏదైనా మేం కబురు చేస్తాం" అన్నారు. కబురు చేస్తామన్న మాటకు మార్టూరు నుంచి గుంటూరు దాకా ఒకటే అర్థం. మేనత్త చీర సర్దుకుంది. అమ్మ చేతిసంచీ తీసుకుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అమ్మాయి నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది. ఆ రెండు పిన్నులు ఇస్తారా అంటే నాలుగు ముక్కల మాట. అది వదిలేసి, చేతుల దుమ్ము దులుపుకుని లేచి, "వస్తామండీ" అనడానికి సిద్ధపడ్డాను.

అప్పుడామె రెండు చేతులూ వెనక్కి పెట్టి, తడుముకుని, రెండు పిన్నులూ లాగేసింది. పూలదండ జారి నేలమీద పడింది. వాళ్ళ నాయనమ్మ "అయ్యో, శివశివా" అంది. ఈ అమ్మాయి ఎవరివైపూ చూడకుండా తిన్నగా నా దగ్గరికొచ్చి, "ఇవేనా?" అని నా అరచేతిలో పెట్టింది. వెచ్చగా ఉన్నాయి. వాటిని ఎలా బిగించానో నాకు గుర్తులేదు. ఆ పొద్దుటినుంచి వచ్చిన ప్రతివాళ్ళూ పలుకుతుందేమోనని వాల్యూము మీట ఇంకాస్త, ఇంకాస్త తిప్పి వదిలేసి ఉన్నారు. దాంతో రెండు పెట్టెలూ ఒక్కసారిగా కిటికీ అద్దాలు అదిరేట్టు, "మిరప తోటల్లో తామర పురుగుల నివారణకు" అని అందుకున్నాయి. ఎవరో అధికారి రైతులకు చెబుతున్నాడు. మా అమ్మ చెవులు మూసుకుంది. అమ్మాయి నాన్నగారు మీట తగ్గించబోయి, తగ్గించకుండా, ఆ రెండు పెట్టెల ముందు నిలబడి తల ఊపుతూ పురుగుమందుల పేర్లు వింటున్నారు. కళ్ళు తుడుచుకున్నారు కూడా, అది ఆనందమో మిరప దుమ్మో అడగలేదు. కాసేపటికి మా మేనత్త దగ్గరికి వెళ్ళి, "ముహూర్తాలు ఎప్పుడున్నాయన్నారు?" అన్నారు.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. మొన్న పచ్చడికి మిరపకాయలు తొడిమలు తీస్తూ కూచున్న మా ఆవిణ్ణి అడిగాను, "ఆ రోజు నువ్వు తియ్యకపోతే నేనే అడిగేవాణ్ణి, తెలుసా?" అని. ఆవిడ తల ఎత్తలేదు. "మీరా? వస్తామండీ అని మెట్లు దిగేసేవారు. వీధి మలుపులో వెనక్కి తిరిగి చూస్తారేమోనని నేను కాసేపు బాల్కనీలో నిలబడేదాన్ని."

"తిరిగి చూసేవాణ్ణా?"

"చూసేవారు కాదు" అంది, మరో కాయ అందుకుంటూ.  ఆవిడ చెప్పిందే నిజం. అరికాళ్ళకు సున్నం, ముక్కుకి కారం పూసుకుని, నాలుగడుగుల దూరంలో ఉన్న జీవితాన్ని అడగడానికి మొహమాటపడి చెప్పుల కోసం వెతుక్కుంటున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వడం అయ్యాక కొంచెం భయం కూడా వేస్తుంది.