సింహం ముందు నిమ్మచెక్క

ఆ రోజుల్లో భయపడటానికి నాకు ప్రత్యేకంగా కారణం అక్కర్లేదు. (ఆ రోజులంటే తాతల కాలం కాదు లెండి, చేతిలో ఫోనూ ఫోనులో ప్రపంచమూ ఉన్న రోజులే.) కొరియర్ మనిషి తలుపు కొట్టినా చదువుతున్న పుస్తకంతో సహా వంటింట్లోకి జారుకునేదాన్ని. అలాంటి నేను పత్రికలకు కళాకారుల పరిచయాలు రాసి బతకాలనుకోవడం ధైర్యం కాదు, అమాయకత్వం. రాయడమంటే డైరీ రాసుకున్నంత హాయిగా ఉంటుందనుకున్నానే గాని, ముందు ఆ మనిషి ఎదుట నిలబడి నోరు తెరవాలని తట్టనే లేదు. ఫోన్లో నాలుగు మాటలు అడిగి ఒకరిద్దరు గాయకుల గురించి రాసి, నేనూ రచయిత్రినేనని మురిసిపోతుండగా వారపత్రిక ఎడిటర్ గారు పిలిచారు. "చిట్టమూరు వైపు ఒక నాదస్వరం విద్వాంసుడున్నారు. ఫోన్లో మాట్లాడరు, వెళ్ళి కలవాలి. ఇది బాగా వస్తే నెలనెలా నీకొక పేజీ. రాకపోతే మాత్రం..." అని ఆగారు. ఆ మిగతా సగం మా నాన్న పూర్తి చేశారు. "రాకపోతే తడలో కంపెనీ ఆఫీసు ఉండనే ఉండాది. ముందర కూర్చోని వచ్చిపోయే వాళ్ళని పలకరించే పనంట. ఎప్పుడు చేరతావా అని అడగతా ఉండారు." రోజంతా కొత్తవాళ్ళను పలకరించడమా! సింహం నోట్లో తల పెట్టడమే మేలనిపించింది.

సింహం అని ఊరికే అనలేదు, చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన్ని పిలిచే పేరే అది. వయసెంతని అడిగిన విలేకరికి సన్నాయితోనే గుమ్మం చూపించాడట. కీర్తన మధ్యలో సినిమా పాట అడిగితే పెళ్ళికొడుకునే కూర్చోబెట్టి తిట్టాడట. ఆయన నాకు పంపిన కబురు ఒక్కటే: "ఫలానా పెళ్ళిలో వాయిస్తా ఉండా. ముందు వినమను. మాటలు తర్వాత." నాకా, బస్సు పడదు. అమ్మ ఉప్పు చల్లిన నిమ్మచెక్కలు డబ్బాలో పెట్టి, "ప్రార్థన చేసుకొని పో. కడుపులో తిప్పితే చప్పరించు" అని సాగనంపింది. బస్సు దిగాక కూడా కడుపులో తిప్పుడు ఆగలేదు. అది బస్సుది కాదు, సింహానిది.

మా ఇళ్ళలో పెళ్ళంటే చర్చీ, కీబోర్డూ, క్వయర్ పాటలూ. సన్నాయి ముందు కూర్చోవడానికీ ఒక పద్ధతి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. పందిట్లో ఒక మూల నక్కబోతుంటే, పెళ్ళికూతురి మేనత్త చూసింది. "మగపెళ్ళి వాళ్ళమ్మాయివా? ఆడ నిలబడినావేంది, ముందరికి రా మ్మే!" అని చెయ్యి పట్టి లాక్కెళ్ళి, తన పక్కన, సరిగ్గా సింహానికి ఎదురుగా కూర్చోబెట్టింది. కాదని చెప్పాలంటే మాట్లాడాలి కదా, కూర్చున్నాను. బుర్రమీసాలు, ఎర్రటి కళ్ళు, సన్నాయి చుట్టూ ఉబ్బిన బుగ్గలు. ఆయన చూపు నా మీద పడగానే అమ్మ మాట గుర్తొచ్చింది. డబ్బా తీసి నిమ్మచెక్క నోట్లో పెట్టుకున్నాను.

సన్నాయి ఒక్కసారి కీచుమంది. ఆయన నన్ను చూశాడు, గుటక వేశాడు, మళ్ళీ ఎత్తుకున్నాడు. మళ్ళీ కీచు. ఆయన కళ్ళెర్రజేసిన కొద్దీ నాకు భయం, భయం పెరిగిన కొద్దీ నేను చప్పరించడం. పక్కన డోలు వాయిస్తున్న ఆయన తమ్ముడు వాయిస్తూనే "అన్నా, కళ్ళు మూసుకో అన్నా!" అంటున్నాడు. అంత విద్వాంసుడికీ ఏదో జబ్బు చేసిందనుకుని నేను జాలిపడుతున్నాను కూడా. అంతలో పంతులు గారు ముహూర్తం దగ్గరపడిందన్నారు. మేనత్త నావైపు తిరిగింది. "నోట్లో ఏందిమ్మే అది?" చూపించాను. ఆవిడ గుండెలు బాదుకుంది. "ఓయమ్మో! సన్నాయి వాయించే వాడి ఎదట పులుపు తింటారా ఎవరన్నా? నోట్లో నీళ్ళూరితే ఆయన ఊదేదెట్టా? తాళి కట్టేటప్పుడు సన్నాయి మూగబోతే మా బిడ్డ గతేం కావాల?"

పెళ్ళికూతురు తలెత్తి నన్ను చూసింది. ఆ కళ్ళలో ఉన్న భయం నాకు బాగా తెలిసినదే, రోజూ అద్దంలో చూసేదే. ఉమ్మేయడానికి చోటు లేక నిమ్మచెక్కను తొక్కా గింజలతో సహా మింగేశాను. దాంతో ముఖం అష్టవంకర్లు పోయింది. అది చూసి సింహానికి మరీ ఊరిందేమో, సన్నాయి నోట్లోంచి తీసేశాడు. పంతులు గారు వేలెత్తి "గట్టిమేళం!" అన్నారు. మేనత్త మరేమీ ఆలోచించకుండా నా చున్నీ లాగి, నా తల మీదుగా కప్పేసి, పైన చెయ్యి వేసి అదిమిపెట్టింది.

ఆ చీకట్లో డోలు ఒక్కటే వినిపించింది. ప్రభువా, ఆ ఒక్క సన్నాయి పలికించు, తడలో ఉద్యోగంలో చేరిపోతానని మొక్కుకున్నాను. అప్పుడు లేచింది సన్నాయి. ముందు కొంచెం వణికి, నిలదొక్కుకుని, పందిరంతా నిండిపోయింది. ఎవరి ముఖమూ చూడక్కర్లేదు, ఎవరూ నా ముఖం చూడరు. పుట్టి బుద్ధెరిగాక అంత నిబ్బరంగా ఏదీ విన్నది లేదు.

భోజనాలయ్యాక డోలు తమ్ముడు వచ్చి "అన్న పిలస్తా ఉండాడు" అన్నాడు. వెళ్ళాను. "ఎవురు మ్మే నిన్ను పంపించింది? పక్కూరి మేళం వాళ్ళా?" పత్రిక పేరు చెప్పాను, చాలా సన్నగా. "ఓహో, రాసే అమ్మాయివా! ముసుగేసుకొని ఏం విన్నావో చెప్పు." అబద్ధం ఆడటానికి కూడా ధైర్యం కావాలి, నాకది లేదు. "తాళి కట్టేటప్పుడు మొదట్లో చిన్నగా వణికిందండీ. కూతుర్ని పంపించేవాళ్ళు ఏడుపు ఆపుకుంటున్నట్టు... అక్కడ నాకూ ఏడుపొచ్చింది" అన్నాను.

సింహం తల అడ్డంగా ఊపాడు. "అది ఏడుపు కాదు మ్మే, నీ నిమ్మకాయ ఊట!" అన్నాడు. అని, పంచె కొంగు నోటికడ్డం పెట్టుకుని, మీసాలు అదిరేట్టు నవ్వాడు. తమ్ముడు డోలు మీద పడి నవ్వాడు. "నేను ఏ పెళ్ళికి పోయినా ముందు వరసలో ఎవురి చేతుల్లో ఏముండాదో చూసుకొని గానీ సన్నాయి ఎత్తను. నీకు నేనంటే భయం, నాకు నీ డబ్బా అంటే భయం. కూర్చో, ఏం కావాల్నో అడుగు. ఆ డబ్బా మాత్రం తమ్ముడి చేతికిచ్చి కూర్చో."

పేజీ నాకే వచ్చింది. (మొక్కు సంగతి ప్రభువుకు గుర్తు చేయలేదు. ఆయనా అడగలేదు.) ఏడుపు ఆపుకున్నట్టు వణికిన ఆ సన్నాయి గురించే పాఠకులు ఎక్కువగా ఉత్తరాలు రాశారు. సింహం మాత్రం ఫోన్లో మాట్లాడనన్నవాడు పనిగట్టుకుని ఫోన్ చేసి, "ఊట సంగతి రాయలేదేమ్మే?" అని దెప్పాడు.

ఇప్పుడు పెద్ద పెద్ద గాయకుల ఎదుట కూర్చుంటున్నాను, గొంతు కూడా కాస్త పెగులుతోంది. వాళ్ళు పాట ఎత్తుకోగానే నేను కళ్ళు మూసుకుంటాను. ఈ అమ్మాయి ఎంత రసజ్ఞురాలో అని పక్కవాళ్ళు గుసగుసలాడుకుంటారు. నేను ఆ చున్నీ కిందికి వెళ్ళానని వాళ్ళకేం తెలుసు? అక్కడ ఆ పిరికి పిల్ల ఇంకా అలాగే కూర్చుని ఉంటుంది, గొంతులో నిమ్మగింజ అడ్డం పడి, సన్నాయి లేచే క్షణం కోసం చెవులు రిక్కించి. పక్కన కాస్త చోటిమ్మని జరిగి కూర్చుంటాను.