చామంతుల కింద నీళ్ల తొట్టి

నేను రిటైరు కావడానికి నాలుగేళ్ల ముందు, ఉగాది అయిన మరుసటి సోమవారం, హోసూరు యార్డుతోపాటు కృష్ణగిరి వైపు బండ్లు చూసే పని కూడా నాకు అప్పగించినారు. మా కంపెనీది పాత కార్లు కొని, బాగుచేసి, మళ్లీ అమ్మే వ్యాపారం. నా హోదా సీనియర్ వాల్యుయర్. అంటే బండిని తట్టి, తోలి, దాని కింద పడుకొని చూసి, ఉన్నది ఉన్నట్టు కాగితం మీద రాసే మనిషి. ధర పెట్టేది మేనేజరు. బండి సంగతి చెప్పేది నేను. నా సంతకం లేకుండా ఏ బండీ గేటు దాటకూడదని రూలు.

ఈ విద్య నేను కాలేజీలో నేర్చింది కాదు. మత్తిగిరిలో మా నాయన లారీ మెకానిక్కు, షెడ్డు ఇంటి ముందరే. రాతా లెక్కా ఇంట్లోనే అమ్మ చెప్పింది, ఇంజను నాయన చెప్పినాడు, పరీక్షలు ప్రైవేటుగా కట్టినాను. పొద్దున దీపం పెట్టేటప్పుడు ఆ ఇద్దరికీ ఇప్పటికీ ఒక దండం పెట్టుకుంటాను.

ఆ వారంలోనే యార్డుకు ఒక స్పోర్ట్స్ కారు వచ్చింది. విదేశీ బండి. పదమూడేళ్లది. రెండు తలుపులు, రెండే సీట్లు, నేరేడుపండు రంగు. దాని పొట్ట నేలకు జానెడు ఎత్తు కూడా లేదు. అమ్ముతున్నది హోసూరులోనే ఉండే ఒక పెద్దాయన. ఎందుకు అమ్ముతున్నారని అడిగితే, "ఎక్కేటప్పుడు పండుకోవాల, దిగేటప్పుడు పాకాల. నా మోకాళ్లకు రెండూ చేతకాలేదమ్మా" అన్నాడు.

ఇట్లాంటి బండి మా యార్డుకు ఏడాదికి ఒకటి వస్తే గొప్ప. నేను పండగ మాదిరి మొదలుపెట్టినాను. ముందు చాసిస్ ప్రింటు. బండి చట్రం మీద కొట్టిన నంబరు పైన పల్చని కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్దితే అంకెలు కాగితం మీదికి దిగుతాయి. వాటిని ఆర్.సి.తో సరిచూస్తాము. తర్వాత రంగు మందం కొలిచే మీటరు. యాడన్నా గుద్దుకొని, లప్పం పట్టీ వేసి రంగు కొట్టి ఉంటే అది అక్కడ ఎక్కువ అంకె చూపిస్తుంది. ఈ బండిలో ఎక్కడా చూపించలేదు. ర్యాంపు ఎక్కించి కింద చూసినాను. ఆయిలు చెమ్మ లేదు. ఇంజను మాట వింటుంటే నాయన ఉంటే బాగుండు అనిపించింది.

మా లిస్టులో నూటికి పైన అంశాలు. అందులో ఒకటి నీళ్ల తొట్టి. ముందు అద్దం కింద, వైపర్లు ఉన్నచోట, ప్లాస్టిక్ జల్లెడ మూత కింద ఒక గాడి ఉంటుంది. అద్దం మీద పడ్డ వాన అందులోకి దిగి, రెండు పక్కలా ఉన్న తూట్ల గుండా చక్రాల వెనక నేలకు పోతుంది. మూత తీసి ఒక చెంబు నీళ్లు పోసి, అవి కిందికి కారినాయో లేదో చూడాలి. అంతే పని.

ఆ మూత మీద చామంతిపూల దండ ఉంది. ఆ పొద్దున పెట్టింది. పక్కన కుంకుమ, నాలుగు అక్షింతలు. పెద్దాయన రోజూ బండికి పూజ చేసి గానీ తాళం తిప్పడట. ఆ మాట విని నా మనసు మెత్తబడింది. ఇంత భక్తిగా చూసుకున్నవాడు బండిని నిర్లక్ష్యం చేస్తాడా అనుకున్నాను. పూజ చేసిన పూలను నేనెందుకు కదపాలి అని కూడా అనుకున్నాను. నీళ్లు పోయలేదు. ఆ అంశం ఎదురుగా టిక్కు పెట్టి కింది వరసకు పోయినాను.

నాలుగో రోజు మునిరాజప్ప వచ్చినాడు. గురుబరపల్లి మనిషి. సూళగిరి ఎస్టేటులో ఒక ఫ్యాక్టరీలో అచ్చుల విభాగం సూపర్‌వైజరు. చిన్నప్పుడు రోడ్డు పక్కన గొర్రెలు మేపుతూ, ఆదివారం పూట బెంగళూరు నుంచి దూసుకొచ్చే ఇట్లాంటి బండ్లను లెక్కపెట్టేవాడట. ఇప్పుడు డ్యూటీకి రోజూ పోవడానికి అదే బండి కావాలన్నాడు. తన పాత చిన్న కారును మార్పిడిగా ఇచ్చేస్తానన్నాడు. అంటే ఇంట్లో ఇంకో కారు ఉండదు.

వెంట వచ్చిన భార్య గౌరమ్మ బండి చుట్టూ రెండుసార్లు తిరిగింది. వంగి లోపలికి చూసి, "ఏంది మామా, వెనకాల సీటు యాడుండాది?" అనింది.

"ఉండదు మే. ఇద్దరికే."

"మీ అమ్మను ఆస్పత్రికి తీసకపోవాలంటే?"

"నువ్వు దిగు."

"గడ్డిమోపు?"

"అదీ దిగుతుంది."

పక్కనున్న మా మేనేజరు శ్రీనివాసు నవ్వు ఆపుకోలేక ఆఫీసులోకి పోయినాడు. ఆయనది గుంటూరు పక్క, హోసూరుకు వచ్చి రెండేళ్లు. అమ్మకంలో దిట్ట, మంచి మనిషే.

రోజువారీకి పాత ఖరీదైన బండి కొంటానన్న ఎవరికైనా నేను చెప్పే మాటలే మునిరాజప్పకూ చెప్పినాను. బండి ధర పాతదైనా విడిభాగాల ధర కొత్తదే. ఏదన్నా పాడైతే బెంగళూరు నుంచి రావడానికి వారాలు పడుతుంది. పదిహేనేళ్లు నిండినాక ఆర్.సి. పొడిగించుకోవాలి. తోలి చూడటం కూడా నున్నటి రోడ్డు మీద కాదు, రేపటి నుంచి రోజూ పోయే దారిలోనే చూడాలి. అందుకని అతన్నే తోలమని, గురుబరపల్లి నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా పోయినాము. దారిలో ఉన్న స్పీడ్ బ్రేకర్లకు నేరుగా పోకుండా, ఒక చక్రం ముందు, ఒక చక్రం వెనక ఎక్కేటట్టు అడ్డంగా తోలడం నేర్పించినాను. ఒక్కచోట మాత్రం పొట్ట గీసుకుంది. మునిరాజప్ప తన వీపు గీసుకున్నట్టు "అబ్బా" అన్నాడు.

తిరిగి వచ్చినాక గౌరమ్మ నా దగ్గరికొచ్చింది. మాట సూటిగా ఉంటుంది ఆమెది. "అక్కా, నాకు ఇంజను తెలీదు, మనిషి తెలుసు. నువ్వు బొట్టు పెట్టుకొని, దేవుణ్ని తలుచుకొని పని చేసే మనిషివి. నువ్వు సంతకం పెడితే నేను సరే అంటాను. కానీ నెల లోపల ఇది ఒక్క దినం మొరాయించినా ఈడికే తెచ్చి ఇడిచేస్తాము. ఈ జన్మకు మళ్లీ ఈ పిచ్చి ఎత్తకూడదని ఈయన నా చేతిలో చెయ్యేసినాడు." మునిరాజప్ప తల ఊపినాడు. మా రూలూ దానికి సరిపోయింది. నెల లోపల మా తనిఖీలో తప్పిన లోపం బయటపడితే, బండి వెనక్కి ఇవ్వడమా, మా ఖర్చుతో బాగుచేయించుకోవడమా అన్నది కొన్నవాళ్ల ఇష్టం.

నేను సంతకం పెట్టినాను.

మూడు వారాలు ఏ కబురూ లేదు. మునిరాజప్ప రోజూ అందులోనే డ్యూటీకి పోతున్నాడని, సెక్యూరిటీవాళ్లు గేటు తీసే ముందు ఒకసారి బండి చుట్టూ తిరుగుతున్నారని విన్నాను. సంతోషం వేసింది.

తర్వాత మామిడికాయల కాలపు మొదటి పెద్ద వాన పడింది. మర్నాడు పొద్దున బండి లారీ మీద యార్డుకు వచ్చింది.

జరిగింది గౌరమ్మే చెప్పింది. వాన నిలిచినాక తల్లిగారింటికి పోదామని ఇద్దరూ బయలుదేరినారట. ఊరు దాటగానే ఎవరూ చెప్పకుండానే వైపర్లు ఆడినాయట. హారను దానంతట అదే మోగి, ముందు పోతున్న ట్రాక్టరు ఆయన దిగివచ్చి కొట్లాటకు నిలబడినాడట. కిటికీ అద్దం దిగింది, ఎక్కలేదు. "ఏందిరా ఇది, దయ్యం పట్టిందా అనుకొని కాళ్లు కింద పెడితే, అక్కా, మడికి నీళ్లు కట్టినట్టుంది! చీర మోకాళ్ల దాకా తడిసింది." తర్వాత బండి ఆగిపోయింది. మళ్లీ కదల్లేదు.

మునిరాజప్ప తాళం చెవి బల్ల మీద పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు. ఇచ్చిన మాట ప్రకారం వెనక్కి ఇచ్చెయ్యాల్సిందే. నలభై ఏళ్లు ఎదురుచూసిన బండి, మూడు వారాలు.

కాళ్ల కింద తివాచీ ఎత్తినాను. దాని కిందనే బండి మెదడు లాంటి కంట్రోల్ బాక్సు ఉంటుంది. నీళ్లలో మునిగి ఉంది. నీళ్లు యాడనుంచి వచ్చినాయో నాకు అప్పుడే అర్థమైంది. అద్దం దగ్గర ఆ పొద్దున లారీ ఎక్కించినాక గౌరమ్మ పెట్టిన రోజాలు ఉన్నాయి. వాటికి దండం పెట్టి, తీసి పక్కన పెట్టి, మూత విప్పినాను.

గాడి నిండా నల్లటి ముద్ద. ఎరువు దిబ్బలో అడుగుది మాదిరి. చామంతి రేకులు, కుంకుమ, అగరుబత్తి పుల్లలు, అక్షింతలు, ఏళ్ల తరబడి కుళ్లి, కూరుకొని, రెండు తూట్లూ మూసేసినాయి. వాన నీళ్లకు దారి లేక, గాలి పోయే గొట్టం గుండా లోపలికి దిగినాయి.

శ్రీనివాసు వచ్చి చూసినాడు. నన్ను పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పినాడు. "మేడమ్, వాళ్లు కూడా మూడు వారాలుగా పూలు పెడుతున్నారు కదండీ. 'కొన్న తర్వాత యజమాని పెట్టిన పూల వల్ల' అని ఒక్క ముక్క రాయండి చాలు. మీ సర్వీసులో ఒక్క రిమార్కు లేదు. ఈ వయసులో మీకెందుకండీ?" నా మేలు కోరే చెప్పినాడు. అట్లా రాస్తే కంపెనీకి ఖర్చు లేదు, నాకు మచ్చ లేదు. పాడైన బండి మునిరాజప్ప నెత్తిన ఉంటుంది. పైగా, నీ పూలే ముంచినాయి అన్న మాట గౌరమ్మ మీద పడుతుంది.

మూడు వారాల పూలు వాడిపోతాయి గానీ మట్టి కావు. ఆ తేడా అక్కడ తెలిసింది నాకొక్కదానికే. నాకు తెలుసు కాబట్టే నా సంతకం అడుగుతారు. నేను రిపోర్టు తీసుకొని ఇట్లా రాసినాను: "నీళ్ల తొట్టి అంశం నేను పరీక్షించలేదు. పరీక్షించినట్టు టిక్కు పెట్టినాను. లోపం అమ్మకానికి ముందు నుంచీ ఉంది." కింద పేరు, హోదా, తేదీ.

తర్వాత ఆ కాగితం గౌరమ్మకు చదివి వినిపించినాను. పూలను కదపడానికి మనసు రాక వదిలేసినానని కూడా చెప్పినాను. ఆమె "అయితే దేవుని మీద భక్తితో మమ్మల్ని ముంచినావు" అనింది. ఆ మాటకు ఆమెకే నవ్వు వచ్చింది, కానీ వెంటనే మొహం సరిచేసుకుంది.

"ఆ తూటు బాగుంటే ఇది మళ్లీ నీళ్లు మింగదా?"

మింగదని చెప్పినాను. చెబితే ఆమె ఒప్పుకోలేదు. అప్పటికే ఒకసారి నా మాట విన్నది కదా. ముద్దంతా తీసి, తూట్లు కడిగి, చెంబు ఆమె చేతికే ఇచ్చినాను. ఒక చెంబు పోసింది. చక్రం వెనక నుంచి నీళ్లు సన్నటి ధారగా కారినాయి. ఇంకో చెంబు పోసింది. వంగి చూసింది. చివరికి బకెట్టు తెప్పించి మొత్తం కుమ్మరించింది. యార్డు తడిసింది, శ్రీనివాసు బూట్లు తడిసినాయి, బండి లోపల మాత్రం చుక్క పడలేదు.

"బాగుచేయించి పంపించండి" అనింది. మునిరాజప్ప లేచి నిలబడినాడు. నమ్మలేక, "మే, మొరాయిస్తే ఇడిచేస్తామని చెయ్యేయించుకున్నావే?" అని అడిగినాడు.

"మొరాయించింది బండి కాదు మామా, ఈమె. అదీ ఒప్పుకునింది. ఇంగ నీతో పోట్లాడేదానికి నాకేముండాది?"

కంట్రోల్ బాక్సు బెంగళూరు నుంచి రావడానికి పంతొమ్మిది దినాలు పట్టింది. ఆ పంతొమ్మిది దినాలూ మునిరాజప్ప ఫ్యాక్టరీ బస్సులో పోయినాడు. బండి మళ్లీ తీసుకుపోయిన రోజు నాకు రోజాపూలు ఇచ్చినాడు, బండికి పెట్టలేదు. రెండేళ్ల తర్వాత ఆర్.సి. పొడిగింపుకు ముందు చూడమని అదే బండిని నా దగ్గరికి తెచ్చినాడు. పొట్ట కింద గీతలు చాలా ఉన్నాయి. తొట్టి శుభ్రంగా ఉంది.

నాకు హెడ్డాఫీసు నుంచి మెమో వచ్చింది. ఆరు నెలల పాటు నా ప్రతి రిపోర్టు కిందా ఇంకో వాల్యుయరు సంతకం ఉండాలన్నారు. నాకంటే పద్దెనిమిదేళ్లు చిన్నవాడు వచ్చి నా టిక్కులన్నీ మళ్లీ చూసేవాడు. మొదట్లో కష్టంగా ఉండింది. కానీ అతను చెంబు పట్టుకొని తిరుగుతుంటే నా పని నాకు సరిగ్గా కనిపించింది, అందుకు అతనికి కృతజ్ఞురాలిని.

ఆ వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఇంతే. లిస్టులో నీళ్లు పోయమని ఉంటే నీళ్లు పోయాలి. ఓనరు ఎంత మంచివాడన్నది తనిఖీలో ఒక అంశం కాదు. బండి మీద పూలుంటే చేతులు జోడించి, తీసి, ఒక పళ్లెంలో పెట్టి, పని అయినాక ఓనరు చేతికి ఇవ్వాలి. రిటైరయ్యేదాకా అట్లానే చేసినాను. దానికి ఏ దేవుడూ కోప్పడినట్టు నాకు తెలియరాలేదు.